రిజిస్టరు రాసే చేతికే పరిశోధన నేర్పాలి

బీఎస్సీ నర్సింగ్ విద్యార్థిని ఏడో సెమిస్టరులో మూడు సబ్జెక్టులు చదువుతుంది. కమ్యూనిటీ హెల్త్, మిడ్‌వైఫరీ రెండో భాగం, నర్సింగ్ పరిశోధన–గణాంకాలు. భారత నర్సింగ్ కౌన్సిల్ సవరించిన నిబంధనలు 2021లో గెజిట్‌లో వచ్చినప్పటి నుంచి ఇదే వరస. కాగితం మీద ఇంతకన్నా మంచి కూర్పు దొరకదు. పొద్దున లేబర్ రూములో బిడ్డను పట్టిన అమ్మాయి మధ్యాహ్నం క్లాసులో నమూనా ఎలా తీయాలో వింటుంది, ఆ వారంలోనే పల్లెకు వెళ్లి గర్భిణుల ఇళ్లు తిరుగుతుంది. మూడు చదువులూ ఒకదాన్నొకటి పట్టుకుని నడవాలి. మన కాలేజీల్లో అవి మూడు వేర్వేరు నోటుపుస్తకాల్లో ఉండిపోతున్నాయి. పరిశోధన అనగానే విద్యార్థికి గుర్తొచ్చేది నిర్వచనాలు, రకాలు, పదిహేను మార్కుల ప్రశ్న. తను రోజూ చూసే కాన్పుకూ ఆ ప్రశ్నకూ చుట్టరికం ఉందని ఆమెకు ఎవరూ చెప్పరు.

దీని ఫలితం ప్రాజెక్టు రిపోర్టుల్లో కనిపిస్తుంది. “ఫలానా విషయంపై గర్భిణుల అవగాహనను పెంచడంలో ప్రణాళికాబద్ధ బోధన ప్రభావం” అన్న అచ్చులో పోసినట్టుండే శీర్షికలు నర్సింగ్ కాలేజీ లైబ్రరీల్లో బీరువాల నిండా ఉంటాయి. అరవై మంది గర్భిణులను ఎంచుకుంటారు. ఒక ప్రశ్నపత్రం ఇస్తారు. అరగంట పాఠం చెబుతారు. వారం తర్వాత అదే ప్రశ్నపత్రం మళ్లీ ఇస్తారు. మార్కులు పెరుగుతాయి, పెరగకుండా ఎలా ఉంటాయి? పోల్చి చూడటానికి పాఠం వినని మరో గుంపు ఉండదు. రక్తహీనత మీద పాఠం విన్న తల్లి ఐరన్ మాత్ర మింగిందా, ఆమె హిమోగ్లోబిన్ పెరిగిందా అన్నది ఎవరూ చూడరు. ముందు పేజీల్లో ఓరెమ్ స్వీయ సంరక్షణ సిద్ధాంతమో, రాయ్ సిద్ధాంతమో గళ్లు గీసి బాణాలు పెట్టి ఉంటుంది. ఆ బొమ్మ తీసేసినా రిపోర్టులో ఒక్క వాక్యం మారదు. ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇన్ని పాఠాల తర్వాత కూడా ఆ అంకె అలా ఎందుకుందన్నది అసలు ప్రశ్న. జవాబు ముందే తెలిసిన ప్రశ్నను ఎంచుకోవడం పిల్లల తప్పు కాదు. గైడుకు సమయం లేదు, ఆరు వారాల్లో పని తేలాలి, ఫలితం అనుకూలంగా రాకపోతే వైవాలో ఏమంటారోనన్న భయం ఒకటి. తప్పు ఆ అచ్చుది.

ఈ మాట శ్రీకాకుళం జిల్లాలో, అందులోనూ పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో గట్టిగా చెప్పుకోవలసిన అవసరం ఉంది. పరిశోధన అనే మాట ఇక్కడ పల్లెల్లో అందరికీ తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో తేల్చడానికి ఏళ్ల తరబడి బృందాలు వస్తూనే ఉన్నాయి. 2019లో వెలువడిన ఒక అధ్యయనం 2,210 మందిని పరీక్షించి నూటికి 18 మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని తేల్చింది. వారిలో మూడు వంతుల మందికి దగ్గరగా షుగరు, బీపీ వంటి తెలిసిన కారణమేదీ కనిపించలేదు. మరుసటి ఏడాది జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2,400 మందికి పైగా చూసి, నూటికి 21 మందిలో కిడ్నీ పనితీరు తగ్గిందన్నారు. నీళ్లలో సిలికా, పురుగుమందులు, ఎండలో పని, ఒంట్లో నీరు తగ్గిపోవడం, వంశపారంపర్యం అంటూ అనుమానాలు చాలా ఉన్నాయి. తేలిన కారణం మాత్రం లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, దానితో పాటే కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో తాగునీళ్లు వస్తున్నాయి.

ఇంత చర్చలో గర్భిణి ఎక్కడుంది? కొబ్బరితోటలో, జీడిమామిడి తోటలో పనిచేసే మగవాడి చుట్టూ, డయాలసిస్ మంచం చుట్టూ మాట తిరుగుతుంది. జీడిపిక్కల కార్ఖానాలో పొద్దుటి నుంచి కూర్చుని పప్పు ఒలిచే ఏడో నెల గర్భిణి ఆ లెక్కల్లో అరుదుగా కనిపిస్తుంది. ఆమెను నెలనెలా చూసే మనిషి ఏఎన్‌ఎం, ఆమె పక్కన నిలబడి నేర్చుకునే మనిషి మిడ్‌వైఫరీ విద్యార్థిని.

ఆ విద్యార్థిని చేతిలో ఉండేవి బీపీ మిషను, మూత్ర పరీక్ష స్ట్రిప్పు, తూకం, టేపు. మూత్రంలో అల్బుమిన్ లేదు, బీపీ బాగుంది అంటే కిడ్నీల గురించి బెంగ అక్కర్లేదని ఆమెకు నేర్పుతారు. చాలా చోట్ల అది సరిపోతుంది. ఉద్దానం జబ్బు లక్షణమే వేరు. మొదటి దశల్లో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, కాళ్లు వాయవు, బీపీ పెరగకపోవచ్చు. స్ట్రిప్పు రంగు మారదు. ఇంకో చిక్కు కూడా ఉంది. గర్భంతో ఉన్నప్పుడు కిడ్నీల వడపోత దాదాపు సగం మేర పెరుగుతుంది కాబట్టి రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం మామూలు కన్నా తగ్గాలి. ల్యాబు రిపోర్టులో పక్కన అచ్చేసి ఉండే “సాధారణ పరిమితి” గర్భిణి కోసం రాసింది కాదు. మామూలు మనిషికి క్రియాటినిన్ 0.9 వస్తే ఎవరూ రెండోసారి చూడరు. గర్భిణికి 0.9 వస్తే ఆగి ఆలోచించాలి. మందకొడిగా పనిచేసే కిడ్నీతో గర్భం మోస్తే గుర్రపువాతం, నెలలు నిండకుండా కాన్పు, బరువు తక్కువ బిడ్డ పుట్టే ముప్పు పెరుగుతాయని వైద్యానికి బాగా తెలుసు. పరీక్ష నమ్మదగినదా, అది కొలవవలసినదాన్నే కొలుస్తోందా అని పరిశోధన పాఠంలో రెండు నిర్వచనాలు వల్లె వేయిస్తారు. ఆ పాఠం మొత్తం ఈ ఒక్క స్ట్రిప్పులో ఉంది. ఉద్దానంలో చదువుకునే పిల్లకు నిర్వచనం ముందు చెప్పి స్ట్రిప్పు తర్వాత చూపిస్తే తలకిందులు చదువు అవుతుంది.

లేబర్ రూము రిజిస్టరు సంగతి చూడండి. తేదీ, పేరు, వయసు, ఎన్నో కాన్పు, వచ్చిన వేళ, కాన్పు తీరు, బిడ్డ ఆడో మగో, బరువు, రక్తస్రావం. బరువు గడిలో వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోతే కంటికి తగిలే సంగతి ఒకటుంది. 2.5, 3.0, 2.5, 2.8, 2.5. బిడ్డలు అంత గుండ్రటి అంకెల్లో పుట్టరు. తూకం 2.46 చూపిస్తే రాసే చెయ్యి 2.5 అని రాస్తుంది. దానివల్ల పోయిందేముంది అనిపిస్తుంది. రెండున్నర కిలోల లోపు పుడితేనే బరువు తక్కువ బిడ్డ అని లెక్క. నలభై గ్రాములు సర్దేసరికి ఆ బిడ్డ లెక్కలోంచి బయటికి పోతుంది, ఆశా కార్యకర్త ప్రత్యేకంగా చూడవలసిన జాబితాలోంచి కూడా పోవచ్చు. దేశంలో చాలా చోట్ల జనన బరువుల్లో ఈ సర్దుబాటు ఉందని సర్వేలు చేసేవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. ఒక నెల రిజిస్టరు తీసి, చివరి అంకె ఎన్నిసార్లు సున్నా అయిందో, ఎన్నిసార్లు అయిదు అయిందో విద్యార్థుల చేత లెక్కపెట్టిస్తే గణాంకాల మీద వాళ్లకు కలిగే గౌరవం ఏ పాఠ్యపుస్తకమూ కలిగించలేదు.

మంత్రసానులు, నర్సులు రాసిన బరువుల పుస్తకం వైద్యశాస్త్రం దారి మార్చిన సందర్భం ఒకటుంది. ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో మంత్రసానుల తనిఖీ అధికారిగా ఉన్న ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ 1911 నుంచి కౌంటీలో పుట్టిన ప్రతి బిడ్డ బరువూ కాన్పు చేసిన మంత్రసాని చేత రాయించింది. ఏడాది నిండేదాకా ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వెళ్లి మళ్లీ తూచేవారు. ఆ పుస్తకాలు దశాబ్దాల పాటు మూలన పడి ఉన్నాయి. సౌతాంప్టన్‌కు చెందిన డేవిడ్ బార్కర్ బృందం వాటిని వెతికి పట్టుకుని, 1911–30 మధ్య పుట్టిన అయిదు వేలకు పైగా మగవాళ్లకు తర్వాత ఏమైందో చూసింది. పుట్టినప్పుడూ ఏడాది వయసులోనూ బరువు తక్కువగా ఉన్నవాళ్లే గుండెజబ్బుతో ఎక్కువగా పోయారని 1989లో ప్రకటించింది. పెద్దయ్యాక వచ్చే జబ్బులకు బీజం కడుపులోనే పడుతుందన్న సిద్ధాంతానికి ఊతం ఆ పుస్తకాలే. అంతకు ఏడాది ముందు కిడ్నీ నిపుణుడు బ్రెన్నర్, ఆయన సహచరులు కిడ్నీ గురించి అలాంటి మాటే అన్నారు. వడపోత చేసే నెఫ్రాన్లు తక్కువగా ఉండి పుట్టిన మనిషికి తర్వాత బీపీ, కిడ్నీ జబ్బు వచ్చే ముప్పు ఎక్కువని. మనిషి కిడ్నీలో నెఫ్రాన్ల తయారీ గర్భంలో 36వ వారానికే ముగిసిపోతుంది. నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు ఆ లోటు జీవితాంతం ఉంటుంది.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఇదే కారణమని నేను అనడం లేదు. ఎండ, నీళ్లు, రసాయనాలు దెబ్బ తీసేటప్పుడు కొందరే ఎందుకు కూలిపోతున్నారన్న ప్రశ్నకు పుట్టుక బరువు కూడా జవాబులో భాగం కావచ్చు. అది తేల్చాలంటే ఈ రోజు పుట్టిన బిడ్డ బరువు నిజంగా ఎంతో రాసి ఉండాలి. ఇప్పుడు మంచి అవకాశమూ ఉంది. పైపు నీళ్లు అన్ని ఊళ్లకూ ఒకే రోజున చేరవు. ఏ ఊరికి ఏ నెలలో చేరాయో రాసిపెట్టి, ఆ ఊళ్లలో కాన్పుల వివరాలు ముందూ వెనకా సరిచూస్తే నీటి మార్పు గర్భిణుల మీద ఏమైనా ప్రభావం చూపిందో లేదో పరిశీలించవచ్చు. ఇలాంటి వీలు పరిశోధకులకు కోరుకున్నా దొరకదు. దీనికి కావలసిన కొత్త యంత్రం ఏదీ లేదు. తూకం, పెన్ను, చూసినది చూసినట్టు రాసే అలవాటు చాలు.

పరిశోధన డాక్టర్ల పని, మనది సేవ అన్న మాట నర్సింగ్ విద్యార్థులు చాలామంది నమ్ముతారు. వాళ్ల చేతుల మీదుగా జరిగిన పరిశోధన వాళ్లకు పాఠంగా రాకపోవడమే అందుకు కారణం. కర్ణాటకలోని బెళగావి జిల్లా పల్లెల్లో 2002–05 మధ్య 1,620 మంది తల్లుల మీద ఒక ప్రయోగం జరిగింది. కాన్పు అయిన వెంటనే మిసోప్రోస్టాల్ మాత్ర ఇస్తే రక్తస్రావం తగ్గుతుందా అన్నది ప్రశ్న. మాత్రలు ఇచ్చింది, రక్తం కొలిచింది ఏఎన్‌ఎంలు. అధిక రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి పడిపోయింది. ఆ పనిలో వాడిన గీతలున్న ప్లాస్టిక్ సంచీతో పోల్చి చూస్తే కంటి అంచనా అసలు రక్తస్రావం కన్నా మూడో వంతు తక్కువ చూపిస్తోందని కూడా అక్కడే తేలింది. రక్తస్రావం గడిలో గుండ్రంగా రాసే అంకె ఎంత ప్రమాదకరమో దీన్నిబట్టి తెలుస్తుంది. నాలుగు ఆఫ్రికా దేశాల్లో 80 ఆసుపత్రుల్లో జరిగి, 2023లో ఫలితాలు వెలువడిన ఈ–మోటివ్ ప్రయోగం అలాంటి సంచీతో కొలిచి, వెంటనే చికిత్స మొత్తం ఒకేసారి మొదలుపెట్టి, తీవ్ర రక్తస్రావాన్ని అరవై శాతం తగ్గించగలిగింది.

మామూలు కాన్పులో యోని ద్వారం దగ్గర పెట్టే కోత సంగతి కూడా అంతే. తొలి కాన్పు అయితే కోత పెట్టి కుట్లు వేయడం ఆనవాయితీ అని మన దగ్గర పాతతరం నర్సులందరికీ నేర్పారు. ఇంగ్లండులో జెన్నిఫర్ స్లీప్ అనే మిడ్‌వైఫ్ వెయ్యి మంది తల్లులను రెండు గుంపులుగా చీటీ పద్ధతిలో విడదీసి, ఒక గుంపులో అవసరమైతేనే కోత పెట్టించి, 1984లో ఫలితాలు ప్రచురించింది. కోతలు తగ్గించినందువల్ల తల్లికీ బిడ్డకూ చెడు జరగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫార్సుల్లో అందరికీ కోత, అందరికీ ఎనిమా, అందరికీ గీయడం వద్దని రాయడం వెనక స్లీప్ లాంటి మిడ్‌వైఫ్‌ల ప్రశ్నలున్నాయి. “ఇక్కడ ఇలాగే చేస్తాం” అన్న మాటకు “ఎందుకు?” అని ఎదురు అడగడం లేబర్ రూములో ధిక్కారంగా కనిపిస్తుంది. ఆ ప్రశ్నను మర్యాదగా, కొలతతో అడిగే విధానమే పరిశోధన పద్ధతి.

అంకెలతో అన్నీ తేలవు. టెక్కలి జిల్లా ఆసుపత్రిలోనో పలాసలోనో కాన్పయిన బాలింత మంచం పక్కన యూనిఫాంలో నిలబడి, “ఇక్కడ మిమ్మల్ని బాగా చూశారామ్మా?” అని విద్యార్థిని అడిగితే, “బాగానే చూసేరమ్మా” అన్న జవాబే వస్తుంది. పక్కన అత్తగారు ఉంటుంది. ఇంకా డిశ్చార్జి కాలేదు. అడిగే పిల్ల వేసుకున్నది నొప్పుల్లో కసిరినవాళ్ల యూనిఫామే. నూటికి తొంభై మంది తృప్తి చెందారని రిపోర్టు రాస్తే అది ఆ తల్లుల మాట కాదు, వాళ్ల మర్యాద. అదే తల్లిని పదిహేను రోజుల తర్వాత ఇంటి అరుగు మీద, మామూలు బట్టల్లో, ప్రశ్నపత్రం పక్కన పెట్టి పలకరిస్తే వేరే కథ వస్తుంది. గుణాత్మక పరిశోధన అని పుస్తకం చెప్పేది ఈ పలకరింపునే. దానికీ క్రమశిక్షణ ఉంది. ఎవరు, ఎక్కడ, ఎవరి ఎదుట అడిగారో రాయాలి. తనకు నచ్చని మాటను కూడా అదే మాటల్లో రాయాలి. మందస కొండల్లో సవర తల్లి, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే తల్లి, బారువ తీరంలో చేపల పనికి మగవాళ్లు వలసపోయిన ఇంట్లో ఒంటరిగా ఉన్న తల్లి ఒకే ప్రశ్నపత్రానికి ఒకే రకంగా జవాబు చెప్పరు.

నమూనా దగ్గర మన ఆచారమే చిక్కు తెస్తుంది. తొలి పురుడు పుట్టింట్లో. అత్తవారి ఊళ్లో నమోదైన గర్భిణి ఏడో నెలకో ఎనిమిదో నెలకో పుట్టింటికి వెళ్లిపోతుంది. కాన్పు ఒడిశాలోని బరంపురంలో కావచ్చు, విశాఖలో కావచ్చు. విద్యార్థిని పుస్తకంలో ఆమె “ఫాలో అప్‌లో లేరు” అని మిగిలిపోతుంది. అలా జారిపోయేవాళ్లలో తొలిచూలు తల్లులే ఎక్కువ. గుర్రపువాతం వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్నదీ వాళ్లకే. మిగిలినవాళ్లతో లెక్క కడితే అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. విదేశీ పుస్తకంలో ఈ ఉదాహరణ దొరకదు. ఇక్కడి టీచరుకు ఇది చుట్టాల ఇళ్లలో రోజూ చూసే సంగతి. నెలల లెక్క కూడా అంతే. నెల తప్పిన తేదీ చాలామందికి గుర్తుండదు గానీ పండుగ గుర్తుంటుంది, తుఫాను గుర్తుంటుంది. పలాస దగ్గర 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీకి ముందా వెనకా అని అడిగితే పెద్దబిడ్డ వయసు నెలల్లోకి వచ్చేస్తుంది. సర్వే చేసేవాళ్లు సంఘటనల పట్టిక అనే పద్ధతి ఇదే.

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలని మన సామెత. పరిశోధనకు ఒప్పుకున్నవాళ్లకూ అదే నియమం. తను అనుకున్న ఫలితం రాకపోయినా, తన ఆసుపత్రికి చెడ్డపేరు తెచ్చేది వచ్చినా దాన్ని పట్టి రాయాలి. ఈ ఒక్క గుణం అలవడితే మిగతా పద్ధతులు పుస్తకం చూసి నేర్చుకోవచ్చు.

రక్తం ఇచ్చి ఇచ్చి ఉద్దానం పల్లెలు విసిగిపోయాయి. వచ్చారు, గుచ్చారు, పోయారు, కాగితం మాత్రం తిరిగి రాలేదన్న మాట ఆ ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు సమ్మతి గురించీ, పాల్గొన్నవాళ్లకు దక్కవలసిన ప్రయోజనం గురించీ స్పష్టంగా చెప్పాయి. విద్యార్థులకు నీతి పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టాలి. వేలిముద్ర వేయించుకోవడం సమ్మతి కాదు. క్రియాటినిన్ ఎక్కువ వచ్చిన తల్లికి ఆ సంగతి ఎవరు చెబుతారు, ఎన్నాళ్లలో చెబుతారు, ఆమెను ఎక్కడికి పంపుతారు అన్నది తేలకుండా సూది తీయకూడదు. పలాసలో ఇప్పుడు ఆసుపత్రి ఉంది కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం మునుపటికన్నా తేలిక. అలాగే దీర్ఘకాలిక జబ్బు అని రాయాలంటే మూడు నెలలకు పైగా ఉందని తేలాలి. ఒక్క పరీక్షతో పేరు పెట్టి ఇంట్లో భయం నింపే హక్కు ఎవరికీ లేదు, విద్యార్థికి అసలే లేదు.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. అరవై మంది విద్యార్థులు అరవై చిన్న ప్రాజెక్టులు చేసి బీరువాలో పెట్టే బదులు, జిల్లాలోని నర్సింగ్ కాలేజీలన్నీ కలిసి ఒకే ప్రశ్నను ఏళ్ల తరబడి మోయాలి. ఉద్దానం మండలాల్లో నమోదైన గర్భిణులను బ్యాచి తర్వాత బ్యాచి అనుసరించాలి. మొదటి నెలల్లో క్రియాటినిన్, నెలనెలా బీపీ, కాన్పు ఏ వారంలో, బిడ్డ అసలు బరువు, పుట్టింటికి వెళ్లినవాళ్లకు ఫోను. ఒక బ్యాచికి దొరికేది కొద్దిమందే అయినా నాలుగైదు బ్యాచిలు కలిస్తే చెప్పుకోదగ్గ సంఖ్య అవుతుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి కోసం ప్రతి బ్యాచీ మళ్లీ మొదటి నుంచి తిరగనక్కర్లేదు. ఎనిమిదో సెమిస్టరు ఇంటర్న్‌షిప్‌లో గుంపుగా ప్రాజెక్టు చేసేందుకు సిలబస్సే వీలిచ్చింది. ముందు బ్యాచి వదిలిన చోట మొదలుపెట్టిన పనికి కూడా పూర్తి మార్కులు ఉంటాయని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. పలాస కేంద్రం ల్యాబు పరీక్షలు చేసి పెట్టాలి, విద్యార్థుల లెక్కలను తన పరిశోధనలో భాగంగా తీసుకోవాలి, వ్యాసం వస్తే వాళ్ల పేర్లు అందులో ఉండాలి. దేశంలో 2018లో మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు వచ్చి, పద్దెనిమిది నెలల శిక్షణతో మిడ్‌వైఫ్‌ల ప్రత్యేక వర్గాన్ని తయారుచేస్తున్న సమయమిది. తెలంగాణలో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ తోడ్పాటుతో 2017లోనే ఆ శిక్షణ మొదలైంది. కాన్పు తనంతట తాను చేయగల మిడ్‌వైఫ్ కావాలనుకుంటున్నప్పుడు, తను చేసిన కాన్పుల లెక్క తనే చదువుకోగల మిడ్‌వైఫ్ కూడా కావాలి.

రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెప్పింది. దేశ సగటుకు ఇది సుమారు రెండింతలు. వాటిలో ఎన్ని అవసరం, ఎన్ని కాదు అన్నది రాజధానిలో కూర్చుని తేల్చలేరు. ఏ తల్లికి ఏ వేళకు ఏ కారణంతో సిజేరియన్ చేశారో రాసేది లేబర్ రూము రిజిస్టరులోనే, రాసేది ఎక్కువగా నర్సు చెయ్యే. వచ్చే విద్యా సంవత్సరం ఏడో సెమిస్టరు మొదలయ్యే నాటికి జిల్లాలోని ప్రతి కాలేజీ పరిశోధన టీచరూ మొదటి వారం క్లాసును అనుమతి తీసుకుని, పేర్లు కప్పేసి, ఆ రిజిస్టరు దగ్గరే చెప్పాలి.